న్యూక్లియర్ పేపర్లను మెషీన్ లెర్నింగ్‌తో వడపోస్తుంటే ఈస్టు కణాలు వస్తున్నాయి, తప్పు ఎక్కడ?

వాల్తేరు_వాన
పీహెచ్‌డీ రెండో ఏడు, మెటీరియల్స్. మోల్టెన్ సాల్ట్ రియాక్టర్లలో, అంటే ఇంధనమే కరిగిన ఉప్పులో కలిసి తిరిగే రకంలో, గొట్టాలకూ పాత్రలకూ ఏ మిశ్రలోహం ఎక్కువ కాలం నిలుస్తుందో ఇప్పటిదాకా వచ్చిన పేపర్లన్నీ చూసి రివ్యూ రాయమన్నారు మా గైడ్. ఒక్కదాన్నే అన్ని చదవలేను కాబట్టి ముందు మెషీన్‌తో వడపోద్దామనుకున్నాను. న్యూక్లియర్, ఫిషన్, క్లీన్ ఎనర్జీ, ఎస్ఎంఆర్, మోల్టెన్ సాల్ట్, కరోజన్... ఇలా మాటలిచ్చి నాలుగు వేల పైచిలుకు అబ్‌స్ట్రాక్టులు, అంటే పేపర్ల మొదట ఉండే సారాంశాలు, దించాను. టాపిక్ మోడలింగ్, అంటే కలిసి వచ్చే మాటలను బట్టి పేపర్లను విడదీసే పద్ధతి, నడిపి ఇరవై కుప్పలు చేయించాను.

ఏడో కుప్పలో పైకి తేలిన మాటలు: ఈస్టు, కణవిభజన, క్రోమోజోమ్. మూడో కుప్పలో: వాపు, జన్యువు, ఎలుకలు. పదకొండోది: మీథేన్, ఆవిరి, ఉత్ప్రేరకం. పద్నాలుగోది ఒక్కటే చక్కగా వచ్చింది: ఉప్పు, తుప్పు, క్రోమియం, నికెల్, మిశ్రలోహం.

మూడు వారాల పని ఇది. పద్ధతి తప్పా, నేను పోసిన సరుకు తప్పా? సోమవారం గైడ్‌కి చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

పైథాన్_పిచ్చి
సరుకే. "ఫిషన్ ఈస్ట్" అని ఒక ఈస్టు జాతికి పేరే ఉంది, నడిమికి చీలి రెండవుతుంది కాబట్టి. కణాల మీద పనిచేసేవాళ్లు దాని మీద వేల పేపర్లు రాశారు. మూడో కుప్పకు కారణం "న్యూక్లియర్ ఫ్యాక్టర్ కప్పా బి" అనే ప్రొటీన్. కణంలో ఉన్నదీ న్యూక్లియసే కదా.

పదకొండోది ఇంకా చిక్కు. ఎస్ఎంఆర్ అంటే మీకు స్మాల్ మాడ్యులర్ రియాక్టర్, కెమికల్ వాళ్లకు స్టీమ్ మీథేన్ రిఫార్మింగ్, అంటే హైడ్రోజన్ తీసే పద్ధతి. ఇద్దరూ "క్లీన్ ఎనర్జీ" అనే రాస్తారు. మీథేన్ అన్న మాట ఉన్న ప్రతిదీ తీసేయండి, ఆ కుప్ప మాయమవుతుంది.

రాత్రిబడి
నేను ఒకసారి ఫ్యూజన్ అని వెతికితే వెన్నుపూసలు అతికే ఆపరేషన్ల పేపర్లు వచ్చాయి. నడుము నొప్పితో ఉన్న మా నాన్న వాటిని నాకన్నా శ్రద్ధగా చదివారు.

గోదావరి_గట్టు
పైథాన్ తమ్ముడూ, మీథేన్ ఉన్నదల్లా తీసేయమనడం ప్రమాదం. జపాన్‌లో ఓఆరాయి దగ్గర హెచ్‌టీటీఆర్ అని 30 మెగావాట్ల ఉష్ణశక్తి ఇచ్చే రియాక్టర్ ఉంది, హీలియంతో చల్లబరుస్తారు. 2004లో 950 డిగ్రీల సెల్సియస్ వేడి బయటికి తెచ్చింది. ఆ వేడితో మీథేన్ నుంచి హైడ్రోజన్ తీయాలన్నది వాళ్ల ప్రణాళిక. అంటే ఒకే పేపర్లో రెండు ఎస్ఎంఆర్‌లూ కనిపించవచ్చు. ఒక్క మాట చూసి కోసేస్తే కావలసినవి కూడా పోతాయి.

వానగారూ, ఓ రెండు మూడొందల అబ్‌స్ట్రాక్టులు గుడ్డిగా ఏరుకుని, కూర్చుని చేత్తో "కావాలి", "వద్దు" అని గుర్తు పెట్టండి. వాటితో చిన్న క్లాసిఫయర్‌కి, అంటే కావాలో వద్దో తేల్చే ప్రోగ్రాముకి, నేర్పించి మిగతా వాటి మీద వదలండి. కుప్పలు పోయడం ఆ తర్వాత.

పైథాన్_పిచ్చి
గోదావరి అన్న చెప్పింది నిజం. మీథేన్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

లైబ్రరీ_లక్ష్మి
అందరూ దించిన తర్వాత వడపోత గురించి మాట్లాడుతున్నారు. దించేటప్పుడే సగం పని అయిపోతుందమ్మా.

మామూలు డేటాబేస్‌లో మాటలు వేసి వెతకడం మాను. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1970 నుంచి ఇనిస్ అనే సూచిక నడుపుతోంది. నలభై లక్షలకు పైగా రికార్డులున్నాయి, ఉచితం. దాని గొప్పతనం అంకెలో లేదు. ప్రతి రికార్డుకూ ఒక నిర్ణీత పదకోశం నుంచి తీసిన పదాలు తగిలించి ఉంటాయి. రచయిత తన పేపర్లో ఏ ముద్దుపేరు వాడినా, పదకోశంలో ఆ వస్తువుకు ఒకటే పేరు. నువ్వు ఆ పేరుతో వెతుకు. ఈస్టు మీద రేడియేషన్ పేపర్లు అక్కడా ఉంటాయి, కానీ వాటి అర వేరు.

పాత అమెరికన్ రిపోర్టులు కావాలంటే వాళ్ల ఇంధనశాఖ నడిపే ఆస్టీ సైట్‌లో స్కాన్ చేసి పెట్టారు. ఈ రకం రియాక్టర్ నడిపిన అమెరికా ప్రయోగశాల ఓక్ రిడ్జ్ వాళ్ల ఆరు నెలల ప్రగతి నివేదికలు కూడా దొరుకుతాయి. నీ సబ్జెక్టుకు అసలు గని అదే. జర్నల్ పేపర్లు మాత్రమే దించితే ఆ తరం పని చాలామటుకు నీ కుప్పలోకి రానే రాదు.

వాల్తేరు_వాన
లక్ష్మిగారూ, ఇనిస్ పేరు విన్నాను గానీ పాత సరుకు అనుకుని తెరవలేదు. ఇప్పుడే తెరిచాను. ఇన్నాళ్లూ ఎందుకు వెతకలేదా అనిపిస్తోంది.

మౌలాలి_మేస్త్రి
ముప్పై ఏళ్లు లోహాల మధ్య బతికి రిటైరైనవాణ్ణి. కోడింగ్ నాకు రాదు. పేర్ల సంగతి మాత్రం చెప్పగలను.

అమ్మాయ్, నువ్వు వెతికే లోహానికి నాలుగైదు పేర్లున్నాయి. ఓక్ రిడ్జ్‌లో దాన్ని తయారుచేసినప్పుడు ఐనార్-8. ఆ తర్వాత హాస్టెలాయ్ ఎన్. కొందరు ఉత్త అలాయ్ ఎన్ అని రాస్తారు. చైనా వాళ్లు అదే కూర్పుకు దగ్గరగా సొంతంగా పోసుకున్నది జీహెచ్3535. ఒకే వస్తువు మీద అరవై ఏళ్లలో వచ్చిన పని ఇన్ని పేర్ల కింద చెల్లాచెదురుగా పడి ఉంది. హాస్టెలాయ్ అని మాత్రమే వెతికితే తొలినాళ్ల రిపోర్టులూ రావు, షాంఘై పనీ రాదు.

ఆ తొలినాళ్ల పని ఎందుకు కావాలంటే, నిజంగా నడిచిన అనుభవం అక్కడే ఉంది. ఓక్ రిడ్జ్ మోల్టెన్ సాల్ట్ ప్రయోగ రియాక్టర్ 1965 జూన్ 1న క్రిటికల్ అయింది, అంటే గొలుసు చర్య తనంతట తాను నిలబడింది, 1969 డిసెంబరులో ఆపేశారు. 1968 అక్టోబరులో యురేనియం-233తో నడిపారు. ఆ ఇంధనంతో నడిచిన మొదటి రియాక్టర్ అదే. యురేనియం-233 అంటే థోరియం నుంచి పుట్టేది. థోరియం ఉన్న మోనజైట్ ఇసుక మన భీమిలి తీరంలోనూ ఉంది, అందుకే ఈ కథ మీద నాకు ప్రేమ ఎక్కువ. ఆ రియాక్టర్లో వేలాడదీసి తీసిన లోహపు ముక్కల అంచుల్లో సన్నటి పగుళ్లు కనిపించాయి. విచ్ఛిత్తిలో, అంటే ఫిషన్‌లో, పుట్టే టెల్లూరియం లోహపు రేణువుల హద్దుల్లోకి చొరబడటం వల్ల అని తర్వాత తేల్చారు. నువ్వు "తుప్పు" అని మాత్రమే వెతికితే ఈ "పగుళ్లు" నీకు దొరకవు. రెండూ వెతకాలి.

పైథాన్_పిచ్చి
మేస్త్రిగారూ, ఈ పేర్ల జాబితా మనం చేత్తో రాయక్కర్లేదండీ. 2019లో బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు 33 లక్షల మెటీరియల్స్ అబ్‌స్ట్రాక్టుల మీద వర్డ్ ఎంబెడింగులు కట్టారు. ఒక్కో మాటనూ అంకెల వరుసగా మార్చి, ఒకే రకమైన వాక్యాల్లో వచ్చే మాటలను దగ్గర దగ్గరగా కూర్చోబెట్టడం అన్నమాట. రసాయనశాస్త్రం ఎవరూ నేర్పకుండానే, వేడి నుంచి కరెంటు ఇచ్చే పదార్థాలు ఏవో ఊహించింది. కొన్నింటిని జనం కనిపెట్టకముందే, పాత పేపర్లతోనే చెప్పగలిగేదని చూపించారు. ఐనార్-8, హాస్టెలాయ్ ఎన్ ఒకటేనని అది తనంతట తానే పట్టేస్తుంది.

మౌలాలి_మేస్త్రి
దగ్గర దగ్గరగా కూర్చోబెడుతుంది, సరే. ఇన్‌కొనెల్ 600ని ఎక్కడ కూర్చోబెడుతుంది? అదీ నికెల్ లోహమే, అదే ఉప్పులో అదే పరీక్షలు చేశారు, అవే వాక్యాల్లో వస్తుంది. 1954లో విమానాల కోసమని నడిపిన రియాక్టర్ ప్రయోగంలో వాడింది ఇన్‌కొనెలే. కాబట్టి మూడూ పక్కపక్కనే కూర్చుంటాయి.

కానీ ఇన్‌కొనెల్ 600లో క్రోమియం 15 శాతం దాకా ఉంటుంది, హాస్టెలాయ్ ఎన్‌లో 7 శాతం దగ్గర. ఫ్లోరైడ్ ఉప్పులో ముందు కరిగిపోయేది క్రోమియమే. ఉప్పులోని యురేనియం టెట్రాఫ్లోరైడ్ దాన్ని లాగేసి క్రోమియం ఫ్లోరైడ్ చేస్తుంది. ఆ గుణం చూసే క్రోమియం తగ్గించి ఐనార్-8ని పోశారు. ఆ రెండూ ఒకటి కాకపోవడమే కదా కథంతా! ఇరుగుపొరుగు వేరు, ఒకే మనిషికి రెండు పేర్లుండటం వేరు బాబూ.

పైథాన్_పిచ్చి
ఇది నాకు తట్టలేదండీ. అయితే ఇలా చేద్దాం: ఎంబెడింగ్‌తో దగ్గరి పేర్ల జాబితా తీయిస్తా, ఏది ఏదో మీరు చూసి చెప్పండి.

మౌలాలి_మేస్త్రి
పంపు. పొద్దున కాఫీ అయ్యాక చూస్తా.

డల్లాస్_బాబాయ్
ఇంత శ్రమ ఎందుకు, చాట్‌బాట్‌ని అడగండి అనే మాట ఎవరో ఒకరు అంటారని ముందే నా అనుభవం రాస్తున్నా. టెల్లూరియం పగుళ్ల మీద పాత రిపోర్టులు ఐదు చెప్పమన్నాను. ఐదు ఇచ్చింది, నంబర్లతో, సంవత్సరాలతో. మూడు నిజం. నాలుగోదాని నంబరు కొట్టి చూస్తే అది పంపుల బేరింగుల మీద రిపోర్టు. ఐదో నంబరుతో ఏమీ లేదు. నంబరు చూడటానికి మాత్రం అచ్చం ఓక్ రిడ్జ్ నంబరులాగే ఉంది, అందుకే భయమేసింది.

2022 నవంబరులో మెటా కంపెనీ గెలాక్టికా అని, కోట్ల పేపర్లు చదివించిన మోడల్ వదిలింది. లేని పేపర్లు ఉన్నట్టు, తప్పులు నమ్మకంగా చెబుతోందని శాస్త్రవేత్తలు గోల చేస్తే మూడు రోజుల్లో డెమో ఆపేశారు. ఇప్పటివి మెరుగే. అయినా అమ్మా వానా, దాన్ని ఖాళీగా అడగకు. నువ్వు దించిన పేపర్లు ముందు పెట్టి, "ఈ పేజీల్లో ఉంటేనే చెప్పు, ఏ పేజీలో ఉందో చెప్పు" అని అడుగు.

వాల్తేరు_వాన
బాబాయ్ గారూ, నిజమే, మా ల్యాబ్‌లో ఇద్దరు అదే అన్నారు. పేజీ నంబరు అడగాలన్నది రాసి పెట్టుకున్నాను.

సందేహాల_సుబ్బు
నేను కామర్స్ చదివినవాణ్ణి, చదువుతుంటే ఆసక్తిగా ఉంది కాబట్టి అడుగుతున్నా. ఇన్ని పేపర్లున్నాయి కదా, అణు విద్యుత్ అసలు క్లీనా కాదా అన్నది మెషీన్ అన్నీ చదివి సగటు తీసి చెప్పలేదా?

గోదావరి_గట్టు
సుబ్బుగారు అడిగింది చిన్న ప్రశ్న కాదు. నేను ఎనర్జీ లెక్కల్లోనే పనిచేస్తాను. దీని మీద కాస్త పొడుగ్గా రాస్తా.

గనిలో రాయి తవ్విన దగ్గర్నుంచి ప్లాంటు కూల్చేదాకా లెక్కేసి, ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అన్నది చూస్తారు. 2008లో సోవాకూల్ అనే పరిశోధకుడు 103 అధ్యయనాలు తిరగేసి, తన షరతులకు సరిపోయిన 19 తీసుకుని సగటు వేశారు. అణు విద్యుత్‌కు 66 గ్రాములు వచ్చింది. ఆ 19లో అంకెలు 1.4 నుంచి 288 దాకా ఉన్నాయి! నాలుగేళ్ల తర్వాత, 2012లో అమెరికాలో వార్నర్, హీత్ అనే ఇద్దరు 274 రచనలు చూసి 27 ఉంచుకున్నారు. వాటిలోని 99 అంచనాలను ఒకే కొలమానానికి తెచ్చి చూస్తే మధ్య విలువ 12 గ్రాముల దగ్గర తేలింది. ఐరాస వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక కూడా 12 అనే అంది. అదే పట్టికలో బొగ్గు 820, గ్యాస్ 490, గాలిమరలు 11. 2021లో ఐరాస యూరప్ ఆర్థిక సంఘం లెక్కలో అణు విద్యుత్‌కు 5.1 నుంచి 6.4.

ఒకే సాహిత్యం, 66 ఒకరికి, 12 ఇంకొకరికి. గుణించడంలో ఎవరూ తప్పు చేయలేదు. ఏ పేపరు లోపల ఉంచారు, ఏది బయట పెట్టారు, ఉంచినవాటిని సమం చేశారా లేదా అన్న దగ్గరే తేడా అంతా. ఇంకో ముఖ్యమైన సంగతి, పాత పేపర్లలో యురేనియం శుద్ధి వాయు వ్యాపన పద్ధతిలో జరిగేది. ఒక యూనిట్ శుద్ధి పనికి 2400 కిలోవాట్ గంటల దాకా కరెంటు తాగేది, ఆ కరెంటు బొగ్గుదైతే అంకె ఎగిరిపోతుంది. ఇప్పటి సెంట్రిఫ్యూజ్‌కి 50 చాలు. మెషీన్‌కి "సగటు తీయి" అంటే, మూతబడిపోయిన ప్లాంట్ల కరెంటు బిల్లు కూడా ఇవాళ్టి లెక్కలో కలిపేస్తుంది. అంకె ఒక్కటే లాగితే లాభం లేదు. పక్కన ఏ ఏడాది, ఏ శుద్ధి పద్ధతి, ఏ దేశపు కరెంటు అన్న గడులు కూడా నింపించాలి.

సందేహాల_సుబ్బు
66 అనుకున్నా బొగ్గు 820 ముందు చాలా తక్కువే కదండీ.

గోదావరి_గట్టు
అవును. ఏ వైపు నుంచి చూసినా ఆ మాట నిలుస్తుంది. గాలిమరలతో పోల్చేటప్పుడే 66 అయితే ఒక మాట, 12 అయితే ఇంకో మాట.

బోరుబావి
గని పక్క ఊరు మాది, పేరు చెప్పను. మీరంతా క్లీన్ అంటే కార్బన్ అనే అనుకుంటున్నారు. మా ఇంట్లో క్లీన్ అంటే బోరు నీళ్లు. ఖనిజం తీశాక మిగిలిన బురద పోసే చెరువు మా పొలానికి నడిచివెళ్లే దూరం. నీళ్లు రంగు మారాయని మా అమ్మ అన్న రోజు నుంచి నేను పేపర్లు వెతకడం మొదలుపెట్టాను. దొరికాయి. కానీ ఒక్కదానిలోనూ "క్లీన్ ఎనర్జీ" అన్న మాట లేదు. భూగర్భజలం, సోడియం, టెయిలింగ్స్ (ఆ బురదకు వాళ్ల పేరు), తాగునీటిలో యురేనియం అనే మాటల కింద ఉన్నాయి, వేరే జర్నల్స్‌లో. "క్లీన్ న్యూక్లియర్" అని వెతికే మెషీన్‌కి మా ఊరు కనిపించదు. అది మాత్రం గుర్తుంచుకోండి.

గోదావరి_గట్టు
ఈ మాట నా పని మీద కూడా పడుతుంది. నేను వెతికే మాటల జాబితాలో టెయిలింగ్స్ లేదు. ఇవాళే చేరుస్తున్నాను. మీకు దొరికిన పేపర్ల పేర్లు ఇక్కడే పెట్టండి, వాటితో క్లాసిఫయర్‌కి నేర్పిస్తాను.

బోరుబావి
సాయంత్రం పెడతా.

అక్షరదోషం
స్కాన్ రిపోర్టుల మీద రెండేళ్లు పనిచేశాను. లక్ష్మిగారు చెప్పిన పాత రిపోర్టులు బంగారమే, కానీ వాటిని అక్షరాల్లోకి మార్చేటప్పుడు జరిగేవి చెబుతాను, లేకపోతే నిండా మునుగుతారు.

నా కళ్లతో చూసింది: ఒక పట్టికలో న్యూట్రాన్ల మొత్తం 10 రాసి, దాని నెత్తిన చిన్నగా 19 వేశారు. సాఫ్ట్‌వేర్ రెండూ కలిపి 1019 అని చదివింది. పదిని పంతొమ్మిదిసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య కాస్తా వెయ్యీ పంతొమ్మిది అయింది. అది ఎక్సెల్‌లోకి వెళ్లింది, గ్రాఫ్‌లోకి వెళ్లింది, చుక్క గ్రాఫ్ అడుగున ఒంటరిగా పడి ఉంటే "ఇది అసాధారణ ఫలితం" అని తీసేశారు. నిజానికి ఆ పట్టికలో మంచి కొలత అదే.

రెండోది, ఆ కాలం వాళ్లు ఫారన్‌హీట్‌లో రాస్తారు. 1200 ఫారన్‌హీట్ అంటే 649 సెల్సియస్. గుర్తు చెరిగిపోయి 1200 మాత్రమే మిగిలితే, మెషీన్ సెల్సియస్ అనుకుంటుంది. 1300 దాటితే హాస్టెలాయ్ ఎన్ కరగడం మొదలవుతుంది, 1200లో గొట్టం ఎవడు నడుపుతాడు? మూడోది మిల్. తుప్పు వేగం ఏడాదికి ఇన్ని మిల్స్ అంటారు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25 మైక్రాన్ల చిల్లర. దాన్ని మిల్లీమీటరు అనుకుంటే దాదాపు నలభై రెట్లు తప్పు.

ఇంకోటి. "పగుళ్లేమీ కనిపించలేదు" అన్న వాక్యం మాటలు లెక్కపెట్టే మోడల్‌కి "పగుళ్లు" ఖాతాలోనే పడుతుంది.

రాత్రిబడి
ఆ నెత్తి మీద 19 సంగతి చదివి మా టీమ్ ఫైళ్లు తెరిచాను. మాకూ రెండు చోట్ల 1020 ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు, అయినా మేలు చేశారు.

ఈసీఆర్_గాలి
కల్పాక్కం వైపు ఉంటాను. ఈ సబ్జెక్టులో మనవాళ్ల పని ఒకటుంది, ఎవరూ చెప్పలేదు. 2020లో ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం వాళ్లతో కలిసి చేసిన న్యూక్‌బర్ట్. బర్ట్ అంటే గూగుల్ తెచ్చిన భాషా మోడల్. మామూలు బర్ట్‌కి న్యూక్లియర్ మాటలు రావు, జిర్కలాయ్ (ఇంధన గొట్టాల లోహం) లాంటి మాట వస్తే ముక్కలు ముక్కలు చేసి చదువుతుంది. అందుకని ఈ రంగం పేపర్లు, థీసిస్‌ల నుంచి 80 లక్షల మాటల పాఠం కూర్చి, మోడల్‌కి దాని మీద మళ్లీ శిక్షణ ఇచ్చారు. ఏడొందలకు పైగా ప్రశ్నలూ జవాబులూ రాయించి, ఈ రంగం నిపుణులతో సరిచూపించారు.

పైథాన్_పిచ్చి
మంచి పనే. కానీ ఇప్పుడొచ్చిన పెద్ద మోడల్స్‌కి జిర్కలాయ్ తెలుసు కదా, చిన్న బర్ట్‌తో ఇంకా పనేముంది?

ఈసీఆర్_గాలి
మోడల్ పాతబడుతుంది, ఒప్పుకుంటా. ఆ ఏడొందల ప్రశ్నలు పాతబడవు. నీ పెద్ద మోడల్ నిజంగా తెలిసి చెబుతోందా, తెలిసినట్టు చెబుతోందా అని దేనితో కొలుస్తావు? నిపుణుడు కూర్చుని రాసిన ప్రశ్నలుంటేనే కదా. వానగారూ, మీరూ మోల్టెన్ సాల్ట్ మీద యాభై ప్రశ్నలు రాయించుకోండి. మేస్త్రిగారు ఇక్కడే ఉన్నారు.

మౌలాలి_మేస్త్రి
రాస్తాను. ఓపిక ఉంది, అడిగేవాళ్లే లేరు ఇన్నాళ్లూ.

లైబ్రరీ_లక్ష్మి
దించే విషయంలో ఒక జాగ్రత్త. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ వచ్చాయి, పదమూడు వేల దాకా. చదవడానికి మాత్రమే. స్క్రిప్టు పెట్టి వేలకు వేలు దించవచ్చని కాదు. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఒక పిల్లవాడు రాత్రికి రాత్రి అలా దించబోతే పొద్దున్నకల్లా క్యాంపస్ మొత్తానికి ఆ జర్నల్స్ ఆగిపోయాయి. అవతల థీసిస్ గడువున్న పిల్లలు నా టేబుల్ ముందు ఏడ్చారు. కొన్ని ప్రచురణ సంస్థలు టెక్స్ట్ మైనింగ్‌కి విడిగా ఏపీఐ, అంటే ప్రోగ్రాముతో పేపర్లు తీసుకునే అధికారిక దారి, ఇస్తాయి, దాని కోసం దరఖాస్తు పెట్టండి. అబ్‌స్ట్రాక్టులతో పని అయ్యేదానికి పూర్తి పేపర్ల జోలికి పోకండి.

మౌలాలి_మేస్త్రి
ఒక సంగతి అడగడం మరిచాను. అమ్మాయ్, మొదటి పోస్టులో పద్నాలుగో కుప్ప ఒక్కటే చక్కగా వచ్చిందన్నావు. ఉప్పు, తుప్పు, క్రోమియం. ఏ ఉప్పు?

వాల్తేరు_వాన
మోల్టెన్ సాల్ట్ అండీ. ఏ ఉప్పు అని విడిగా చూడలేదు.

మౌలాలి_మేస్త్రి
చూడు. సోలార్ టవర్లలోనూ కరిగిన ఉప్పే వాడతారు, వేడి దాచుకోవడానికి. అది నైట్రేట్ ఉప్పు. నీ రియాక్టర్‌లోది ఫ్లోరైడ్. పేపర్లలో రెండింటికీ "మోల్టెన్ సాల్ట్ కరోజన్" అనే పేరు. ఇద్దరూ క్లీన్ ఎనర్జీ అనే మొదలుపెడతారు.

నైట్రేట్‌లో లోహం మీద ఆక్సైడ్ పొర కట్టి అదే కవచంలా కాస్తుంది, క్రోమియం ఉంటే ఆ పొర గట్టిగా ఉంటుంది. ఫ్లోరైడ్‌లో ఆ పొర కరిగిపోతుంది, క్రోమియమే ముందు పోతుంది. ఒకచోట క్రోమియం మందు, ఇంకోచోట అదే రోగం. ఈ రెండు రకాల పేపర్లూ ఒకే కుప్పలో ఉండి, "ఏ లోహం నిలుస్తుంది" అని నీ మెషీన్‌ని అడిగితే ఏం చెబుతుంది? ఈస్టు కణాల వల్ల నీకు నష్టం లేదు, చూడగానే తెలిసిపోయింది. నాకు భయం ఈ పద్నాలుగో కుప్ప గురించే.

పైథాన్_పిచ్చి
మేస్త్రిగారూ... నేను ఆ కుప్పను చూసి ఒక్క మాట కూడా అనలేదు. బాగుందనుకుని దాటిపోయాను.

డల్లాస్_బాబాయ్
అందరం దాటిపోయాం.

గోదావరి_గట్టు
దీనికి తోడు ఇంకోటి కూడా చూడండి వానగారూ. ఒకే కొలతను పది పేపర్లు మళ్లీ మళ్లీ ఉదహరిస్తాయి. నాకు ఒకసారి ఒక అంకె ముప్పైకి పైగా పేపర్లలో వచ్చింది, ఇంతమంది చెప్పారంటే గట్టి అంకె అనుకున్నాను. వెనక్కి వెళ్తే అన్నీ ఒకే ప్రయోగం నుంచి ఎత్తుకున్నవి. ఆ కుప్పలో "మేం కొలిచాం" అన్నవేవి, "ఫలానావారు కొలిచారు" అన్నవేవి అని విడదీయండి.

వాల్తేరు_వాన
నిన్న రాత్రి పద్నాలుగో కుప్పలోంచి గుడ్డిగా నలభై తీసి, హాస్టల్లో నా రూమ్‌మేటూ నేనూ విడివిడిగా గుర్తు పెట్టాం. ఫ్లోరైడ్ పదిహేడు, నైట్రేట్ పద్నాలుగు, క్లోరైడ్ ఐదు, మిగతావి మేమిద్దరం ఒప్పుకోలేకపోయాం. చక్కగా వచ్చిందని నేను గైడ్‌కి ముందే మెసేజ్ పెట్టిన కుప్ప ఇదే. పొద్దున ఫోన్ చేసి నిజం చెప్పాను. సోమవారం వద్దు, ఇంకో రెండు వారాలు తీసుకోమన్నారు.

ఇప్పుడు షీట్‌లో గడులు ఇవి: ఏ ఉప్పు, ఏ లోహం (మేస్త్రిగారి పేర్ల పట్టిక ప్రకారం), ఉష్ణోగ్రత, దాని పక్కన అసలు ఏ ప్రమాణంలో రాశారో, ఎన్ని గంటలు, సొంతంగా కొలిచారా, ఏ పేజీ. ఇంకా మూడొందలు చేత్తో చేయాలి. ఒక్కోటీ ఇద్దరు చూడాలి.

రాత్రిబడి
యాభై నాకు పంపండి. రాత్రి డ్యూటీలో తీరిక ఉంటుంది.

అక్షరదోషం
స్కాన్ రిపోర్టులు వస్తే నాకు పంపండి. పట్టికలు నేనే చూస్తా.

బోరుబావి
లోహాల సంగతి నాకు తెలియదు. కానీ ఇంగ్లిష్ చదవగలను, ఉప్పు పేరు గుర్తుపట్టగలను. ఓ పాతిక పంపండి. నా పేపర్ల పేర్లు గోదావరిగారికి నిన్న పెట్టాను.

వాల్తేరు_వాన
అందరికీ ఈ సాయంత్రం పంపుతాను. మేస్త్రిగారూ, మేం తేల్చలేకపోయిన వాటిలో ఒకటి అడగనా? అబ్‌స్ట్రాక్ట్‌లో ఏ ఉప్పో రాయలేదు. "కరిగిన ఉప్పులో నికెల్ మిశ్రలోహాల మన్నిక" అని మాత్రమే ఉంది. క్రోమియం ఎక్కువున్నది బాగా నిలిచిందంటున్నారు.

మౌలాలి_మేస్త్రి
ఉష్ణోగ్రత ఎంత రాశారు?

వాల్తేరు_వాన
565 సెల్సియస్.

మౌలాలి_మేస్త్రి
సోలార్ టవర్లలో నైట్రేట్ ఉప్పును అంతవరకే వేడి చేస్తారు, ఆ పైన అది విడిపోతుంది. నాకు అదే అనిపిస్తోంది. అయినా నా మాట మీద గడి నింపకు, పేపర్ తెరిచి చూడు.

వాల్తేరు_వాన
తెరిచాను. మూడో పేజీ: సోడియం నైట్రేట్ 60, పొటాషియం నైట్రేట్ 40.